ఫోటో వెనక చిరునామా



ప్రభుత్వ ఇల్లు మంజూరైనవారికి జియో ట్యాగింగ్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. పునాది లేచాక ఒకసారి, గోడలు లేచాక ఒకసారి, స్లాబు పడ్డాక ఒకసారి ఉద్యోగి వచ్చి ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు. ఆ ఫోటోతో పాటు ఆ స్థలం అక్షాంశం, రేఖాంశం కూడా నమోదైతేనే బిల్లు కదులుతుంది. ఉపాధి హామీ పనుల్లోనూ ఇదే పద్ధతి వచ్చింది. 2023 జనవరి 1 నుంచి పనిచోట కూలీల ఫోటోను రోజుకు రెండుసార్లు, స్థలం వివరాలతో సహా యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. అంతకుముందే, 2016లో, ఆ పథకం కింద తవ్విన కుంటలు, వేసిన రోడ్లు ఎక్కడున్నాయో ఫోటోలతో సహా పటం మీద గుర్తించే పని మొదలైంది. దానికి సాంకేతిక సాయం చేసింది మన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్.

ఇదంతా అందరికీ తెలిసి జరిగేది. తీసేవారికీ తెలుసు, దిగేవారికీ తెలుసు. ఆ ఫోటో ఎవరు చూస్తారో, ఎందుకు చూస్తారో కూడా తెలుసు. ఈ పూట నేను చెప్పబోయేది మాత్రం మనకు తెలియకుండా జరిగే జియో ట్యాగింగ్ గురించి. మన సొంత ఫోన్‌లో, మన ఇంట్లో, మన పిల్లల ఫోటోల్లో రోజూ జరుగుతున్నదాని గురించి.

కొత్త ఫోన్ కొని కెమెరా మొదటిసారి తెరిచినప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. మీ లొకేషన్ తెలుసుకోవడానికి కెమెరాకు అనుమతి ఇస్తారా అని. ఫోటో తీయాలన్న తొందరలో ఉంటాం కాబట్టి చదవకుండానే అవును అని నొక్కేస్తాం. చాలా ఇళ్లలో ఆ నొక్కడం కూడా మనం చేయం, ఫోన్ అమ్మిన షాపులో కుర్రాడే అన్నీ సెట్ చేసి చేతికిస్తాడు. ఆ ఒక్క నొక్కుతో, ఆ తర్వాత ఏళ్ల తరబడి తీసే ప్రతి ఫోటోలోనూ మనం ఎక్కడ నిలబడి తీశామో రాసి ఉంటుంది. ఫోటో తెరిచి చూస్తే మనిషి కనిపిస్తాడు, చెట్టు కనిపిస్తుంది. ఆ రాత మాత్రం కనిపించదు. వెతికేవాడికే దొరుకుతుంది.

ఫోటో ఫైల్లో ఇలా వివరాలు చేర్చే పద్ధతికి ఎగ్జిఫ్ అని పేరు. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం ఒకటి 1995లో దీన్ని రూపొందించింది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. రీలు కెమెరాల కాలంలో శ్రద్ధగల ఫోటోగ్రాఫర్లు ఏ ఫోటోకు ఎంత ఎపర్చర్, ఎంత షట్టర్ వేగం పెట్టారో చిన్న పుస్తకంలో రాసుకునేవారు. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ రాతకోతలు కెమెరాయే చూసుకుని, ఆ వివరాలను ఫోటో ఫైల్లోనే భద్రపరచడం మొదలుపెట్టింది. ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ అది మంచి పాఠ్యపుస్తకం. చిక్కు తర్వాత వచ్చింది. కెమెరా ఫోన్‌లో చేరింది, అదే ఫోన్‌లోకి జీపీఎస్ వచ్చింది, ఆ ఫోన్‌కే ఇంటర్నెట్ తోడైంది. ఫోటోగ్రాఫర్ తన కోసం రాసుకున్న నోటు ఊరందరికీ పంచే కాగితం అయిపోయింది.

ఆ రాత ఎలా ఉంటుందో చూద్దాం. మీరు చార్మినార్ ముందు నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీశారనుకోండి. ఆ ఫైలును కంప్యూటర్‌లో పెట్టి వివరాలు తెరిస్తే వరసగా కనిపిస్తాయి. ఫోన్ ఏ కంపెనీది, ఏ మోడల్. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు తీశారు. ఫ్లాష్ వెలిగిందా లేదా. ఫోటోను ఏదైనా యాప్‌లో దిద్ది ఉంటే తరచుగా ఆ యాప్ పేరు. ఇంకా కిందికి వెళ్తే, అక్షాంశం 17 డిగ్రీల 21 నిమిషాల 41 సెకన్లు ఉత్తరం, రేఖాంశం 78 డిగ్రీల 28 నిమిషాల 28 సెకన్లు తూర్పు. సముద్రమట్టానికి ఎంత ఎత్తు. కొన్ని ఫోన్లయితే కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా రాస్తాయి. అక్షాంశంలో ఒక్క సెకను అంటే నేల మీద సుమారు 31 మీటర్లు. ఫైల్లో ఆ సెకనును దశాంశాలతో సహా రాస్తారు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు ఫోన్ జీపీఎస్ చేసే పొరపాటు 5 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే వీధి మాత్రమే కాదు, వీధిలో ఏ ఇల్లో తెలిసిపోతుంది. ఆ రెండు అంకెలను ఫోన్‌లోని మ్యాప్‌లో కొడితే దారి కూడా అదే చూపిస్తుంది.

చార్మినార్ ఎక్కడుందో ఎవరికి తెలియదు కనక? అక్కడ తీసిన ఫోటో వల్ల పోయేది ఏమీ లేదు. అదే ఫోన్‌తో ఇంటి బాల్కనీలో పాపను నిలబెట్టి తీస్తే, ఆ అంకెలు మీ ఇంటివి అవుతాయి. ఒక ఫోటో ఒక చోటునే చెబుతుంది. ఒక నెల ఫోటోలు ఒకచోట చేరితే ఆ ఇంటి దినచర్య మొత్తం బయటపడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు బడి గేటు, సాయంత్రం సంగీతం క్లాసు, ఆదివారం అమ్మమ్మగారి ఇల్లు. అపరిచితుడికి మన పిల్ల పేరు చెప్పడానికే వెనకాడతాం కదా, ఇన్ని వివరాలు ఎలా ఇస్తాం?

ఈ రాత ఎంత పని చేయగలదో ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది 2012 డిసెంబరులో. కంప్యూటర్ వైరస్‌లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌తో పేరు, డబ్బు సంపాదించిన జాన్ మెకాఫీ అప్పటికి మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో ఉండేవాడు. పొరుగింటాయన హత్యకు గురయ్యాడు. ఆ విషయంలో ప్రశ్నించాలని పోలీసులు వెతుకుతుంటే మెకాఫీ అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. వైస్ పత్రిక విలేకరులు ఆయన వెంట తిరిగి, ఆయనతో దిగిన ఫోటో ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎక్కడున్నారో మాత్రం రాయలేదు. ఆ ఫోటో ఐఫోన్‌తో తీసింది. అందులోని జీపీఎస్ అంకెలను ఎవరో పైకి తీసి చూస్తే గ్వాటెమాలా దేశంలో ఒక నది ఒడ్డు తేలింది. మెకాఫీ మొదట ఆ అంకెలను తానే మార్చానని బుకాయించాడు, తర్వాత నిజమేనని ఒప్పుకున్నాడు. రెండు రోజుల్లో గ్వాటెమాలా పోలీసులు అరెస్టు చేశారు. జీవితమంతా కంప్యూటర్ భద్రత గురించి మాట్లాడిన మనిషి పక్కనే నిలబడి తీసిన ఫోటో అది.

అంతకు ముందు 2007లో ఇరాక్‌లో ఇంకా పెద్ద నష్టం జరిగింది. అమెరికా సైనిక స్థావరానికి కొత్త అపాచీ హెలికాప్టర్లు వస్తే సైనికులు సరదాగా ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నారు. ఫోటోల్లోని స్థలం వివరాలను బట్టి శత్రువులు ఆ హెలికాప్టర్లు స్థావరంలో ఎక్కడ నిలిపి ఉన్నాయో లెక్కగట్టి మోర్టార్లతో దాడి చేశారు. నాలుగు హెలికాప్టర్లు ధ్వంసమయ్యాయి. అమెరికా సైన్యమే తన సైనికులను హెచ్చరిస్తూ 2012లో ఈ సంగతి చెప్పింది.

ఇవి పెద్దవాళ్ల కథలు, మనకేం అనిపించవచ్చు. కాలిఫోర్నియాలోని బెర్క్‌లీలో జెరాల్డ్ ఫ్రీడ్‌లాండ్, రాబిన్ సోమర్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో మామూలు మనుషుల మీదే దృష్టి పెట్టారు. వస్తువులు అమ్ముతామంటూ జనం పెట్టే ప్రకటనల ఫోటోలు, ఇంటర్నెట్‌లో ఎక్కించే వీడియోలు చూశారు. ఇంటి పరిసరాల్లో వీడియోలు తీసే మనిషి ఇటీవల వేల మైళ్ల దూరం నుంచి వీడియో పెట్టాడంటే ఇంట్లో లేడన్నమాట. అలాంటివాళ్లను ఏరి తీయడానికి ఒక చిన్న ప్రోగ్రాం సరిపోయింది. దొంగ ఇంటి ముందు రెక్కీ చేయాల్సిన పని లేకుండా కూర్చున్నచోటు నుంచే ఇల్లు ఎంచుకోవచ్చని వాళ్లు నిరూపించారు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లేవారు ఆ సంగతి సోషల్ మీడియాలో పెట్టుకోవద్దని మన పోలీసులు చెబుతుంటారు. ఆ మాటలో చాదస్తం ఏమీ లేదు.

2014లో ఫ్లోరిడాలో ఓవెన్ మండీ అనే కళాధ్యాపకుడు ఇంకో పని చేశాడు. జనం బహిరంగంగా పెట్టుకున్న పది లక్షల పిల్లుల ఫోటోలను, వాటిలోని స్థలం వివరాల ఆధారంగా ప్రపంచ పటం మీద పరిచాడు. పిల్లి ఎక్కడుందో తెలిస్తే దాన్ని పెంచుకునే మనిషి ఎక్కడున్నాడో తెలిసినట్టే కదా. అందులో ఎవరినీ బెదిరించలేదు, ఏ తాళమూ పగలగొట్టలేదు. అంతా జనం తమ చేతులతో ఇచ్చిందే. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ ఉదాహరణే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫోటో మన ఫోన్‌లో ఉన్నంతకాలం ఆ వివరాల వల్ల మేలే తప్ప కీడు లేదు. పదేళ్ల తర్వాత తిరుమల ఫోటోలన్నీ చూపించు అంటే ఫోన్ చూపించగలిగేది వాటి వల్లే. ఫోటో మన చేయి దాటేటప్పుడే జాగ్రత్త కావాలి. అది ఏ దారిన వెళ్తోందన్నదాన్ని బట్టి ఆ రాత ఉండడమో పోవడమో జరుగుతుంది.

వాట్సాప్‌లో ఫోటోను మామూలు ఫోటోగా పంపితే, వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. ఆ కుదింపులో స్థలం వివరాలు పోతాయి. మంచిదే. కానీ మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది. క్లారిటీ పోతోంది, డాక్యుమెంట్‌గా పెట్టు అంటారు. పెళ్లి ఫోటోలు, సీమంతం ఫోటోలు, ఫ్లెక్సీ వేయించడానికి పంపే ఫోటోలు, స్థలం అమ్మకానికి పెట్టిన ఫోటోలు, అన్నీ డాక్యుమెంట్‌గానే వెళ్తుంటాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, లోపలి రాతతో సహా. టెలిగ్రామ్‌లో ఫైల్‌గా పంపినా అంతే. ఈమెయిల్‌కు జత చేసినా, బ్లూటూత్‌లో పంపినా, పెన్‌డ్రైవ్‌లో వేసినా చాలావరకు అంతే. గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ పెట్టి లింకు ఇస్తే, లింకు దొరికిన ప్రతివాడికీ అసలు ఫైలే దొరుకుతుంది. సిగ్నల్ యాప్ మాత్రం ఫోటో పంపేటప్పుడు ఈ వివరాలు తానే తీసేస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టిన ఫోటోను చూసేవాళ్లకు ఈ రాత కనిపించదు. అయితే మనం ఎక్కించిన అసలు ఫైలు ముందు ఆ కంపెనీ సర్వర్లకే చేరుతుందని మరచిపోకూడదు.

ఇక తీసేయడం ఎలాగో నిదానంగా చెబుతాను. దగ్గర కాగితం, కలం ఉంటే రాసుకోండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కెమెరా తెరిచి, పళ్లచక్రం బొమ్మ మీద నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో లొకేషన్ ట్యాగ్స్ అనో, సేవ్ లొకేషన్ అనో ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా, అక్కడ నెవర్ ఎంచుకోవాలి. ఇకపై తీసే ఫోటోల్లో స్థలం నమోదు కాదు. ఇప్పటికే తీసిన పాత ఫోటోలకు ఇది వర్తించదు, వాటిలో రాత అలాగే ఉంటుంది. వాటిని పంపేముందు విడిగా చూసుకోవాలి. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన ఆప్షన్స్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అది తెరిచి లొకేషన్ ఆపి పంపితే, మీ దగ్గర ఉన్న ఫోటో చెక్కుచెదరదు, అవతలికి వెళ్లే కాపీలో మాత్రం స్థలం ఉండదు. తేదీ, ఫోన్ మోడల్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో గ్యాలరీలో ఫోటోను పైకి జరిపితే చాలా ఫోన్లలో వివరాలు, చిన్న మ్యాపు కనిపిస్తాయి. పంపేముందు అన్నీ తుడిచిపెట్టే స్క్రాంబుల్డ్ ఎగ్జిఫ్ లాంటి ఉచిత యాప్‌లు కూడా ఉన్నాయి. ఏమీ చేతకాకపోతే ఫోటో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్ పంపండి. క్లారిటీ కొంత తగ్గుతుంది, కెమెరా రాసిన వివరాలు మాత్రం దానిలోకి రావు.

విండోస్ కంప్యూటర్‌లో ఫోటో మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరవాలి. డీటెయిల్స్ అనే భాగానికి వెళ్తే, అడుగున రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది. దాన్ని నొక్కి, వివరాలు లేని కాపీ తయారుచేయమని ఎంచుకోవచ్చు. వందల ఫోటోలతో పని ఉన్నవాళ్లకు, అంటే పత్రికలవాళ్లకు, బడులకు, స్వచ్ఛంద సంస్థలకు ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫిల్ హార్వీ అనే ఆయన 2003 నుంచి దాన్ని ఓపికగా మెరుగుపరుస్తూ వచ్చారు. ఒక్క ఆజ్ఞతో ఫోల్డర్‌లోని ఫోటోలన్నిటినీ శుభ్రం చేస్తుంది. ఇలాంటివాళ్ల శ్రమ వల్లే మనలాంటివాళ్లకు కొంత రక్షణ మిగిలింది.

ఫోటోలో కొంత కత్తిరించి పంపితే మిగతాది పోయిందనుకుంటాం. అన్నివేళలా పోదు. 2023 మార్చిలో సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు ఒక లోపాన్ని బయటపెట్టారు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌లు కత్తిరించే సాధనం, కత్తిరించి పారేశామనుకున్న భాగాన్ని కొంత ఫైల్లోనే వదిలేస్తోందని, దాన్ని తిరిగి బయటికి తీయవచ్చని చూపించారు. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటి లోపమే దొరికింది. రెండిటినీ తర్వాత సరిచేశారు. సరిచేయకముందు పంపిన ఫోటోలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాటిని ఎవరూ సరిచేయలేరు. ఆధార్ కార్డు ఫోటో మీద హైలైటర్ పెన్నుతో నల్లగా గీసి పంపేవాళ్లకు కూడా ఒక మాట. ఆ పెన్ను రంగు పలుచన. ఫోటో వెలుతురు పెంచితే కింది అంకెలు కనిపించవచ్చు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తోంది, అది దింపుకుని పంపండి.

లోపలి రాతను తుడిచినంత మాత్రాన ఫోటో మౌనంగా ఉండదు. బొమ్మలోనే చాలా ఉంటుంది. 2019లో టోక్యోలో ఒక యువ గాయని సెల్ఫీలు పెట్టుకుంటే, ఆమె కనుపాపల్లో ప్రతిబింబించిన రైల్వే స్టేషన్‌ను బట్టి ఒక ఉన్మాది ఆమె దిగే స్టేషన్ కనిపెట్టి, ఇంటి దాకా వెంటాడి దాడి చేశాడు. కళ్లలో ప్రతిబింబం దాకా ఎందుకు, మన పిల్లల ఫోటోల్లో యూనిఫాం మీద బడి పేరు, మెడలో ఐడీ కార్డు, వెనక స్కూలు బస్సు, గోడ మీద ఫ్లాటు నంబరు ఉంటాయి. శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా వెళ్లే పిల్లల్ని సాగనంపుతూ పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ చేతిలో పట్టించి ఫోటో తీస్తాం. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ బోర్డింగ్ పాస్ ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, దాని మీది బుకింగ్ నంబరుతో విమాన సంస్థ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఒక యువకుడు ఆయన పాస్‌పోర్టు నంబరు దాకా చూడగలిగాడు. అతను మంచివాడు కాబట్టి అధికారులకు చెప్పాడు. బిడ్డ ముఖం ఉంటే చాలు, కాగితం జేబులో పెట్టించి ఫోటో తీయండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. తరచుగా ఈ రాత వల్ల ఎక్కువ దెబ్బ తగిలేది ఫోటో తీసినవాళ్లకు కాదు, దిగినవాళ్లకు. భర్త కొట్టే దెబ్బలు భరించలేక పిల్లల్ని తీసుకుని వేరే ఊరు వెళ్లి తలదాచుకున్న ఆడమనిషిని తలచుకోండి. ఆమె తన చిరునామా ఎవరికీ చెప్పదు. పండగ పూట పక్కింటావిడ ప్రేమగా పిల్లల ఫోటో తీసి, క్లారిటీ కోసం డాక్యుమెంట్‌గా గ్రూపులో పెడుతుంది. అక్కడి నుంచి ఆ ఫైలు చేతులు మారుతుంది. ఇందులో ఎవరికీ చెడు తలంపు లేదు. అయినా ఆమె దాక్కున్న ఇల్లు ఆ ఫైల్లో ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు మన చేతుల్లో ఉన్న పక్కవాళ్ల ఫోటోలకూ ఉందని నేను నమ్ముతాను. అందుకే బడుల యాజమాన్యాలకు, అంగన్‌వాడీ టీచర్లకు, సేవాసంస్థలకు, విలేకరులకు నా విన్నపం. పిల్లల ఫోటోల ఫోల్డర్ లింకును అందరికీ తెరిచి ఉంచకండి. ఎక్కించేముందు వివరాలు తుడవండి. బాధితులు పంపిన ఫోటోను అలాగే ముందుకు పంపకండి. ఫోన్ కంపెనీల వైపు కూడా ఒక లోటు ఉంది. ఫోటో బయటికి వెళ్లేటప్పుడు స్థలం తీసేసి పంపడమే మామూలు పద్ధతి కావాలి, కావాలనుకున్నవాళ్లు కోరి జతచేసుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల దానికి తలకిందులుగా ఉంది.

చివరిగా ఒక ముఖ్యమైన విషయం, దీన్ని పొరపాటు పడకుండా వినండి. మిమ్మల్ని ఎవరైనా వేధిస్తున్నారు, బెదిరిస్తున్నారు, మీ పొలం గట్టు జరిపారు, మీ బండిని గుద్ది వెళ్లారు. అప్పుడు మీరు తీసిన ఫోటోలో ఉన్న తేదీ, సమయం, స్థలం మీకు సాక్ష్యం. ఆ ఫైలులో ఏదీ తుడవకండి, కత్తిరించకండి, వాట్సాప్‌లో వచ్చిన కాపీని నమ్ముకుని అసలును చెరిపేయకండి. అసలు ఫైలు ఫోన్‌లో ఉండగానే ఇంకోచోట కూడా భద్రపరచి, పోలీసులకు దాన్నే చూపించండి. సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1930. ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా నమోదు చేయవచ్చు. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అందులో వేరే విభాగం ఉంది.